అయిదో బండ దగ్గర

టైలరు గారు పోయిన అయిదు నెలలకి ఫిజియోథెరపీ విభాగంలోకి ఒక స్టాప్‌వాచ్ వచ్చింది. దాన్ని మెడలో వేసుకుని ఒక కొత్త అమ్మాయి వచ్చింది. మూడో రోజుకల్లా అందరూ ఆమెను గడియారం అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల కోపం తెచ్చుకోకుండా పలికేది కూడా.

ఆ విభాగానికి పెద్ద దిక్కు పెద్దక్క. పక్షవాతంతో కాలు పడిపోయినవాళ్ళనీ, తుంటి ఎముక విరిగినవాళ్ళనీ ఇరవై రెండేళ్ళుగా మంచం మీంచి లేపి నడిపిస్తున్న మనిషి. ఆవిడ పద్ధతి ఆవిడది. రోగి వెనకే నడుస్తూ, కుడిచేతి రెండు వేళ్ళు అతని నడుము మీద ఆనీ ఆననట్టు ఉంచుతుంది. "పట్టుకోవడానికి కాదు, ధైర్యానికి" అంటుంది. నడక అయ్యాక ఓసారి ఎగాదిగా చూసి ఫైల్లో ఒక్క మాట రాస్తుంది. బాగుంది. మర్నాడు కొంచెం బాగుంది. ఆ పై వారం చాలా బాగుంది. ఆ తర్వాత రోగి ఇంటికి వెళ్ళిపోతాడు.

టైలరు గారి ఫైల్లో కూడా ఆ మాటే నలభై ఒక్కసార్లు ఉంది.

ఆయన ఆస్పత్రి బట్టల్లో కూడా మెడలో కొలత టేపు తీసేవాడు కాదు. అది లేకపోతే మెడ వంకర పోతుందనేవాడు. నడకకి లేచిన ప్రతిసారీ పెద్దక్కని ఆట పట్టించేవాడు. "కొలత తీసుకోకుండా నేను గుడ్డ మీద కత్తెర పెడితే జనం నన్ను తంతారు తల్లీ. మీరు కంటితో చూసి మనిషినే పంపేస్తారు. ఎంత గుండె ధైర్యం మీది!"

"మీది గుడ్డ, నాది మనిషి. మనిషిని చూస్తే తెలిసిపోతుందిలెండి" అని నవ్వేది పెద్దక్క.

ఇంటికి వెళ్ళిన ఎనిమిదో రోజు ఆయన మంచానికీ వంటింటికీ మధ్య పడ్డాడు. ఇంకో నాలుగు రోజులకి పోయాడు. కూతురు ఫోన్ చేసింది. నిందించడానికి కాదు, ఒక మాట అడగడానికి. "పడేముందు నాన్న వెనక్కి తిరిగి, వదిలేశావేం తల్లీ అన్నారండీ. నేను ఆయన ఎదురుగా ఉన్నాను, వెనక ఎవరూ లేరు. ఆయన నన్నెప్పుడూ తల్లీ అనరు, బుడ్డీ అంటారు. మరి ఎవర్ని అన్నారంటారు?"

తెలియదని చెప్పి ఫోన్ పెట్టేసింది పెద్దక్క. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఆస్పత్రిలో చెప్పలేదు. టైలరు గారి ఫైలు నడవాలో ఉన్న ఇనప బీరువాలోకి చేరింది. అంతటితో అయిపోయిందనుకుంది.

గడియారం వచ్చిన వారానికి పై నుంచి ఒక కాగితాల కట్ట వచ్చింది. ఇకనుంచి ప్రతి రోగి నడకనీ వచ్చిన రోజు, రెండు వారాలకోసారి, పంపే ముందు రోజు తప్పకుండా కొలవాలి. అందరినీ ఒకేలా కొలవాలి. పెద్దక్క ఆ కట్టని సొరుగులో పెట్టి దాని మీద తన టిఫిను డబ్బా పెట్టింది.

గడియారం మాత్రం నడవాలో మోకాళ్ళ మీద కూర్చుని ఎర్ర టేపు అంటిస్తోంది. చేతుల కుర్చీ ఒకటి గోడవైపు వేసింది. అక్కడినుంచి సరిగ్గా మూడు మీటర్లకి గీత. నేల మీద అడుగు అడుగు రాతిబండలు కాబట్టి కుర్చీ నుంచి గీతకి పది బండలు.

"ఇల్లు కట్టడానికి ముగ్గు పోస్తున్నావా పిల్లా?" అంది నేల తుడిచే ఆయమ్మ. "రేపు తడిగుడ్డ పెడితే నీ గీత నా బకెట్లోకి వస్తుంది."

"రాకుండా తుడవవూ? గీత జరిగితే లెక్క జరుగుతుంది ఆయమ్మా."

"అంత లెక్కైతే ముందు ఆ బీరువా సంగతి చూడు. తలుపు నేను రోజూ మూస్తాను, అది రోజూ తెరుచుకుంటుంది. మూసీ మూసీ నా చెయ్యి అరిగిపోతోంది."

బీరువా కుర్చీకీ గీతకీ సరిగ్గా నడుమ ఉంది. దాని ఎదురుగా అయిదో బండ. ఒక మూల విరిగి ఉంటుంది.

పెద్దక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఇదంతా దేనికమ్మాయ్? మనిషి నడుస్తున్నాడో లేదో చూడ్డానికి మన కళ్ళు చాలవూ?"

గడియారం లేచి మోకాళ్ళు దులుపుకుంది. "కళ్ళకి ప్రేమ ఉంటుంది పెద్దక్కా. దీనికి ఉండదు" అని స్టాప్‌వాచ్ చూపించింది.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అనుకుంది పెద్దక్క. ఆవిడ మనసంతా శుక్రవారం మీద ఉంది.

శుక్రవారం మేనత్తని ఇంటికి పంపాలి. పెద్దక్కని చిన్నప్పుడు తల్లి పోతే తెచ్చి పెంచిన మేనత్త. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఒకరి మీద ఆధారపడలేదు. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రెండు నెలల కిందట ఎడమ కాలూ చెయ్యీ పడిపోతే పెద్దక్క దగ్గరే చేరింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. "నా ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టు, ఇంకేం అడగను" అని రోజూ పోరు. పెద్దక్క మాట ఇచ్చేసింది. సంతకం పెడితే చాలు.

"సంతకానికి ముందు ఒక్కసారి కొలుద్దాం పెద్దక్కా" అంది గడియారం మంగళవారం మధ్యాహ్నం. "రెండు నిమిషాల పని."

మేనత్త కుర్చీలో కూర్చుంది. "ఏమే చిట్టీ, ఈ వయసులో నాకు పరుగు పందెమా? గెలిస్తే ఏమిస్తారు?"

"తాళంచెవి ఇస్తాం అత్తా" అంది పెద్దక్క.

గడియారం కాగితం చూసి చదివినట్టు చెప్పింది. "నేను మొదలు అనగానే లేవండి. మీ మామూలు నడకలో గీత దాకా వెళ్ళండి. తిరిగి వచ్చి కూర్చోండి. మొదలు."

మేనత్త లేచింది. పెద్దక్క అలవాటు ప్రకారం వెనకే నడిచింది. వెళ్ళారు, తిరిగారు, వచ్చారు. పదమూడు సెకన్లు.

"చూశావా!" అంది పెద్దక్క.

"చూశాను పెద్దక్కా. కానీ ఇది లెక్కలోకి రాదు. ముట్టుకోకూడదు. మీరు అటు బెంచీ మీద కూర్చోండి."

"నేనెక్కడ ముట్టుకున్నాను?"

ఆ ప్రశ్న ఆవిడ నిజంగానే అడిగింది. తన కుడిచేతి వైపు చూసుకుంటే రెండు వేళ్ళూ ఇంకా ముందుకి చాచే ఉన్నాయి. వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ఈసారి మేనత్త ఒక్కతే లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు బండలు బాగానే దాటింది. అయిదో బండ మీద ఆగిపోయింది. కాలు నొప్పి వచ్చి ఆగినట్టు లేదు, అలిసిపోయినట్టూ లేదు. తల కొంచెం పక్కకి వంచి, ఎవరైనా ఏదో చెబుతారేమోనని వింటున్నట్టు నిలబడింది. స్టాప్‌వాచ్ నడుస్తోంది. మేనత్త ఒళ్ళు మెల్లగా వెనక్కి ఒరగసాగింది, వెనక గోడ ఉన్నట్టు.

"వదిలేశావేం తల్లీ?" అంది.

పెద్దక్క బెంచీ మీంచి సగం లేచింది. మేనత్త తనని పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ తల్లీ అనలేదు. చిట్టీ అంటుంది, కోపం వస్తే దొంగమొహమా అంటుంది.

గడియారం ఒక్క అంగలో పక్కకి వెళ్ళి నిలబడింది, పడితే పట్టుకునేంత దగ్గరగా. కానీ ముట్టుకోలేదు. మేనత్త తనంతట తనే కూడదీసుకుని కర్ర బిగించి గీత దాకా వెళ్ళి వచ్చింది. ముప్ఫై మూడు సెకన్లు.

"పదమూడున్నర దాటితే పడే ప్రమాదం ఎక్కువని లెక్క పెద్దక్కా" అంది గడియారం నెమ్మదిగా.

"అత్తా, ఎందుకాగావు? ఎవర్ని పిలిచావు?"

"నేనా? ఆగానా?" అంది మేనత్త. "పిలవడమేంటే? నువ్వు నా వెనకే ఉన్నావుగా."

ఆ రాత్రి పెద్దక్కకి కంటి మీద కునుకు లేదు. పొద్దున వస్తూనే గడియారం మీద విరుచుకుపడింది. గీత తప్పన్నది, కుర్చీ ఎత్తు తప్పన్నది, ఆ బండ విరిగింది కాబట్టి కర్ర ఇరుక్కుందన్నది. గడియారం కొలత టేపు తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చింది. పెద్దక్క స్వయంగా కొలిచింది. సరిగ్గా మూడు మీటర్లు. కుర్చీ ఎత్తు కాగితంలో ఉన్నంతే ఉంది.

"సరే. నా మిగతా వాళ్ళందర్నీ కూడా కొలువు. తాడోపేడో తేలిపోవాలి" అంది.

పెద్దక్క దగ్గర ఇంకా ఆరుగురు ఉన్నారు. అదే కుర్చీ, అదే గీత, అవే మాటలు. పెద్దక్క బెంచీ మీద. మొదట డ్రైవరు బాబాయి నడిచాడు, అయిదో బండ మీద ఆగాడు. తుంటి విరిగిన లెక్కల టీచరమ్మ నడిచింది, అయిదో బండ మీద ఆగింది. మూడో మనిషి, నాలుగో మనిషి, ఆరుగురికి ఆరుగురూ. తల కొంచెం పక్కకి. ఒళ్ళు కొంచెం వెనక్కి. ఒకడు నాలుగు సెకన్లు, ఒకామె పన్నెండు.

గడియారం దగ్గర చికిత్సలో ఉన్న ముగ్గురు అదే బండ మీంచి ఆగకుండా వెళ్ళి వచ్చారు.

బకెట్టు పట్టుకుని చూస్తున్న ఆయమ్మ వెనక్కి నడిచి గోడకి ఆనుకుంది. "నేనా బండ ఇక తుడవను తల్లో" అంది.

బీరువా తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది.

అందరూ వెళ్ళాక గడియారం కాగితాలు బల్ల మీద పరిచింది. ఏదో తప్పు పట్టుకున్న గర్వం ఆమె మొహంలో లేదు. భయమే ఉంది. "మీకొకటి చెప్పనా పెద్దక్కా? చెబితే తిడతారేమో."

"చెప్పు. తిట్టే ఓపిక కూడా లేదు."

"వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. మీరు ఎవర్ని నడిపించినా ఆ బండ దగ్గరికి రాగానే తల పక్కకి తిప్పుతారు. అప్పుడు మీ వేళ్ళు జారిపోతాయి. కన్ను మూసి తెరిచేంతసేపు. మళ్ళీ పెడతారు. వాళ్ళ ఒంటికి అది అలవాటైపోయింది. చెయ్యి మళ్ళీ వస్తుందని ఆగుతున్నారు. మీరు లేనప్పుడు అది రాదు కదా."

"ఎటు తిప్పుతాను తల?"

గడియారం చేత్తో చూపించింది. బీరువా వైపు.

పెద్దక్క తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. ఇరవై రెండేళ్ళుగా తను నడిపించింది తన రెండు వేళ్ళనా, మనుషులనా? అందరూ తన వేళ్ళకి ఆనుకుని నడిచారు. తను తన వేళ్ళనే చూసుకుని బాగుంది, బాగుంది అని రాసుకుంది. ఇంటికి వెళ్ళేవాళ్ళతో ఆ వేళ్ళు వెళ్ళవు. టైలరు గారితో కూడా వెళ్ళలేదు.

లేచి బీరువాలోంచి ఆయన ఫైలు తీసింది. నలభై ఒక్క బాగుందులు. ఒక్క అంకె లేదు. ఆఖరి రోజు ఆయన్ని ఒంటరిగా ఆ పది బండలు నడవనిచ్చి ఉంటే? రెండు నిమిషాల పని. ఎవరో ఒకరు టైము చూసి ఉంటే చాలు. టైలరు గారి సంగతి ఎవరికీ చెప్పని పెద్దక్క ఆ పూట గడియారానికి చెప్పింది, కూతురి ఫోనుతో సహా.

విని ఆ పిల్ల మెల్లగా అడిగింది. "తల్లీ అని ఆయనే కదా పిలిచేవారు?"

"ఆయనే."

"మీ అత్తయ్యగారు ఆయన్ని ఎప్పుడైనా చూశారా?"

"ఆయన పోయిన మూడు నెలలకి కదే ఆవిడ చేరింది!"

ఆ తర్వాత ఇద్దరూ కాగితాలు సర్దుకున్నారు. ఏ కాగితం ముందు పెట్టాలో ఇద్దరికీ తోచలేదు.

గురువారం పొద్దున పెద్దక్క మేనత్త మంచం పక్కన స్టూలు వేసుకుంది. మేనత్త అప్పటికే సంచి సర్దుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తా, రేపు పంపను."

"ఏమన్నావ్?"

"ముప్ఫై మూడు సెకన్లు పట్టింది. నడుమ ఆగావు, వెనక్కి ఒరిగావు. అలా ఇంట్లో ఒరిగితే పట్టుకునేవాళ్ళు ఉండరు."

మేనత్త సంచి విసిరేసింది. "నాకు మార్కులు వేసేంతదానివయ్యావటే? ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని నేను! మొన్నటిదాకా చాలా బాగుంది చాలా బాగుంది అని గంట కొట్టినట్టు చెప్పింది ఎవరు?"

"నేనే. అబద్ధం చెప్పాను. అబద్ధమని నాక్కూడా తెలియదు."

మేనత్త కోపంగా గోడ వైపు తిరిగి పడుకుంది. గోడతోనే అన్నట్టు అంది. "అయితే నన్ను కూడా ఆయనలాగే పంపించేదానివన్నమాట."

"ఎవరిలాగా?" అంది పెద్దక్క.

"నాతో నడుస్తాడే, మెడలో కొలత టేపు వేసుకుంటాడు. నువ్వు చెయ్యి తీసినప్పుడల్లా అతనే పట్టుకుంటాడు. మంచివాడు. చేతులే చల్లగా ఉంటాయి." మేనత్త ఇటు తిరిగింది. "మీ ఆస్పత్రి మనిషి కాదా?"

పెద్దక్క కింద పడ్డ సంచి తీసి మంచం మీద పెట్టింది. "కాదత్తా. ఒకప్పుడు నా దగ్గర ఉన్నాయన" అని మాత్రం అంది.

"అలాగా. మొన్న కొలిచిన రోజు మాత్రం పట్టుకోలేదు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడి నీ వైపు చూస్తున్నాడు."

ఆ రోజు నుంచి పెద్దక్క పద్ధతి మారింది. కొత్తగా కాలు కదిపేవాళ్ళని పట్టుకుంటుంది, పట్టుకున్నానని ఫైల్లో రాస్తుంది. కొలిచేటప్పుడు మాత్రం బెంచీ మీద తన అరచేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంటుంది. లేకపోతే అవి వాటంతట అవే లేచిపోతాయి. "గుడ్లు పొదుగుతున్నావా పెద్దక్కా?" అంటుంది ఆయమ్మ. "అవును, ఇరవై రెండేళ్ళ గుడ్డు, ఇంకా పిల్ల కాలేదు" అంటుంది పెద్దక్క.

మేనత్త రెండు రోజులు అలిగింది. మూడో రోజు కర్ర తీసుకుని తనే నడవాలోకి వచ్చి, "ఏదే నీ స్టాపువాచీ?" అంది. మధ్యలో ఆగకుండా అడుగు వెయ్యడం, తిరిగేటప్పుడు బరువు ఎడమ కాలి మీదకి తేవడం, వెనక ఎవరూ లేరని ఒంటికి నేర్పడం, ఇదే పని పొద్దున్నా సాయంత్రం. మొదట్లో అయిదో బండ రాగానే ఆవిడ తల పక్కకి వంగేది. పెద్దక్క గొంతు ఎత్తి, "అత్తా, నేనిక్కడ ఉన్నాను, నీ వెనక లేను" అనేది. కొలత రోజు మాత్రం ఆ మాట కూడా అనకూడదు. పెదవి కొరుక్కుని కూర్చునేది. ఇరవై ఎనిమిది. ఇరవై రెండు. పదిహేడు. పెద్దక్క ఫైల్లో బాగుంది అని రాయడం మానేసింది. అంకె రాసేది. రాసిన అంకె వైపు చూస్తే బాగుందో లేదో అదే చెప్పేది. డ్రైవరు బాబాయి కూడా, "నిన్న నాది పద్ధెనిమిది, ఇవాళెంత?" అని మంచం మీంచే కేకలు పెట్టేవాడు.

నాలుగో శుక్రవారం మేనత్త లేచింది, గీత దాకా వెళ్ళింది, వచ్చి కూర్చుంది. ఆగలేదు. పన్నెండు పాయింట్ ఎనిమిది.

గడియారం రెండోసారి కూడా కొలిచింది. పదమూడు.

మేనత్త చెయ్యి చాచింది. పెద్దక్క తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

"అయిదో బండ దగ్గర ఎవరైనా ఉన్నారా అత్తా?" అని అడిగింది చెవి దగ్గర.

"నా దగ్గర ఎవరూ లేరు" అంది మేనత్త. తాళంచెవి కొంగున ముడి వేసుకుంటూ, "బీరువా దగ్గర నిలబడ్డాడు. నీ కోసమేమో" అంది.

మేనత్త ఆటో వెళ్ళిపోయాక పెద్దక్క నడవాలోకి తిరిగి వచ్చింది. మధ్యాహ్నం రెండయింది. రోగులు నిద్రపోతున్నారు, గడియారం భోజనానికి వెళ్ళింది. ఎండ కిటికీలోంచి నేల మీద పడి ఎర్ర గీత మెరుస్తోంది. పెద్దక్క టైలరు గారి ఫైలు తీసి, ఆఖరి బాగుంది కింద కలం పెట్టి, ఇవాళ్టి తేదీ వేసి ఒక్క మాట రాసింది. కొలవలేదు. కింద సంతకం చేసింది. ఫైలు బీరువాలో పెట్టి తలుపు మూసింది. తాళం వేసింది.

తర్వాత ఎందుకో కుర్చీలో కూర్చుంది. లేచింది. మామూలు నడకలో నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అయిదో బండ మీద కాలు పెట్టగానే వెనక నడుము మీద ఏదో చల్లగా ఆనింది. రెండు వేళ్ళు. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఆ చల్లదనం నడుము నుంచి మెల్లగా భుజం దాకా సాగింది. భుజం నుంచి మెడ దాకా, మళ్ళీ భుజం నుంచి మణికట్టు దాకా, సన్నగా, తిన్నగా, గుడ్డ టేపు జారినట్టు. తాళం వేసిన బీరువా తలుపు మెల్లగా కిర్రుమంది.

పెద్దక్క చేతులు రెండూ ఒంటికి కొంచెం ఎడంగా చాపింది, టైలరు దగ్గర అందరూ చాపినట్టే. కొలత పూర్తయ్యేదాకా ఊపిరి బిగపట్టి కదలకుండా నిలబడింది.